సన్నబడటమే మందు కాదు



లావు తగ్గితే చాలు కడుపు పండుతుందన్న ధోరణిలో మీ మహిళల పేజీలో వచ్చిన వ్యాసానికి ఈ జవాబు. అందులో సగమే నిజం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం మహిళలు అధిక బరువుతో ఉన్నారు, కాదనను. కానీ 14.8 శాతం మంది ఉండాల్సిన బరువు కూడా లేరు. వాళ్ల ఊసే వ్యాసంలో లేదు.

ఒంట్లో కొవ్వు మరీ తగ్గితే లెప్టిన్ అనే హార్మోన్ పడిపోతుంది. అండం విడుదలకు మెదడు ఇచ్చే సంకేతం ఆగి నెలసరి తప్పుతుంది. మా కొల్లిపరలో పిల్లల కోసం ఎదురుచూస్తున్న ఓ అమ్మాయి పొద్దున్నే ఇంత నిమ్మరసం తాగి పసుపు చేలో కూలికి పోతోంది. అన్నం తినవేమే అంటే, "సన్నబడితే నిలుస్తుందట పిన్నీ" అంది. అప్పటికే ఆమె గాజులు మోచేతి దాకా జారుతున్నాయి!

అండాశయాల్లో నీటితిత్తుల సమస్య (పీసీఓఎస్) ఉండి బరువెక్కినవాళ్ల సంగతి వేరు. 80 కిలోల మనిషి నాలుగు నుంచి ఎనిమిది కిలోలు తగ్గినా అండం విడుదల దారిన పడొచ్చు. గర్భం నిలిచాక మాత్రం కడుపు మాడ్చుకోకూడదు. లావుగా ఉన్నవాళ్లకు గర్భిణీ మధుమేహం, బీపీ ముప్పు ఎక్కువ. అందుకే షుగరు పరీక్ష డాక్టరు దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడే చేయించుకోవాలి, 24-28 వారాల మధ్య మళ్లీ చేయించుకోవాలి. బక్కపలచని తల్లులకు నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు బిడ్డల భయం.

మగవాడి వీర్య పరీక్ష గురించి ఒక్క ముక్కా రాయలేదేం? కోడలి కంచంలో ముద్దలు లెక్కపెట్టే ఇళ్లలో అదే ముందు చదవాలి. వచ్చే సంచికలో వేయండి.

— ఒక పాఠకురాలు, కొల్లిపర