చీజ్ ఎవరు జరిపారో అడక్కూడదట!

సి++, జావా పుస్తకాలు డెస్కుల మీంచి ఎప్పుడో మాయమైపోయాయి, అన్నీ ఇప్పుడు స్క్రీన్ మీదే. "విజయం సాధించుట ఎలా" బాపతు పుస్తకాలు మాత్రం ఇంకా దర్జాగా నిలబడే ఉన్నాయి. వాటి పక్కనే ఓ ధ్యానం పుస్తకం, ఓ మార్కెటింగ్ పుస్తకం. మనవాళ్ళకి ఈ పిచ్చి ఇంతలా ఎందుకు ముదిరిందా అని నాకెప్పుడూ ఆశ్చర్యమే.

అలాగని నేను వీటికి బద్ధశత్రువునేం కాను. యండమూరి 'విజయానికి ఐదు మెట్లు'తోనే చదవడం మొదలెట్టిన వాళ్ళు నా స్నేహితుల్లోనే నలుగురున్నారు. అల్ రీస్, జాక్ ట్రౌట్ 1981లో తెచ్చిన 'పొజిషనింగ్' అయితే ప్రతి ఇంజనీరూ ఒకసారి చదవాలంటాను. సరుకు సంగతి తర్వాత, ముందు కొనేవాడి బుర్రలో దానికి ఏ చోటుందో చూసుకోమంటుంది. ఇరవై ఫీచర్లు కుక్కి, ఇది ఎందుకు పనికొస్తుందో ఒక్క వాక్యంలో చెప్పలేక నీళ్ళు నమిలే మనలాంటి వాళ్ళకి మంచి మందు. ధ్యానం పుస్తకం పుణ్యమా అని, రాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోయినప్పుడు ఓ నిమిషం నింపాదిగా ఊపిరి పీల్చుకుని కీబోర్డు ముట్టుకుంటే అదీ లాభమే. పనిచేసిందో లేదో మనకే తెలిసిపోతుంది.

నా గొడవల్లా అలా తేల్చి చూడ్డానికి వీల్లేని వాటితో.

2006లో వచ్చిన రోండా బర్న్ 'ది సీక్రెట్' చూడండి. గట్టిగా కోరుకుంటే విశ్వం తెచ్చిస్తుందట. తేకపోతే? నువ్వు సరిగ్గా కోరుకోలేదన్నమాట! వస్తే పుస్తకం గొప్ప, రాకపోతే యూజర్ ఎర్రర్. ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఏ క్లయింటుకైనా అమ్మి చూడండి, తంతాడు. బిజినెస్ పుస్తకాలు లెక్కలు చూపిస్తాయి కాబట్టి కాస్త నయమనుకుంటాం. 2001లో జిమ్ కాలిన్స్ 'గుడ్ టు గ్రేట్' 1,435 కంపెనీలు జల్లెడ పట్టి 11 తేల్చింది. కష్టపడ్డారు, కాదనను. ఆ పదకొండులో సర్క్యూట్ సిటీ 2008లో దివాలా తీసింది. ఫానీ మేని అదే ఏడాది అమెరికా ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకుంది. వెల్స్ ఫార్గో కస్టమర్లకి తెలియకుండా లక్షల కొద్దీ ఖాతాలు తెరిచి 2016లో దొరికిపోయింది. గెలిచినవాడి దగ్గరికెళ్ళి పొద్దున్నే ఎన్నింటికి లేస్తావని అడిగితే ఏదో ఒకటి చెప్తాడు. అదే టైముకి లేచి ఓడిపోయిన వాళ్ళని అడిగేదెవరు?

సరే, ఇవన్నీ మన డబ్బుతో మనం కొనుక్కునేవి. ఆఫీసువాళ్ళే ఊరికే ఇచ్చేది ఇంకొకటుంది. 1998లో స్పెన్సర్ జాన్సన్ రాసిన 'హూ మూవ్డ్ మై చీజ్?'. రెండు ఎలకలు, ఇద్దరు బుల్లి మనుషులు, ఒక చిక్కుదారి. ఉన్నట్టుండి చీజ్ మాయం. ఎలకలు వెంటనే వేరేచోట వెతుక్కోడానికి పరిగెడతాయి. ఇది అన్యాయమని గోలపెట్టిన మనిషి మాత్రం తెలివితక్కువవాడు! తీరా చూస్తే, చీజ్ జరిపిందెవరన్న ప్రశ్న అట్ట మీద ఉంది గానీ జవాబు లోపలెక్కడా లేదు. అమెరికన్ కంపెనీలు దీన్ని టోకున కొని ఉద్యోగులకి పంచాయంటే పంచవూ మరి?

2009 మాంద్యంలో మా రూమ్మేటు పనిచేసే కంపెనీ (పేరెందుకులెండి) కూడా తలా ఒక కాపీ పంచింది. రెండు నెలలకి వాడి ప్రాజెక్టులో అందర్నీ ఇంటికి పంపేసింది. అమెరికాలో క్లయింటు మూతపడ్డం దానికి కారణం. మావాడు మాత్రం ఆరు నెలలు అద్దం ముందు నిలబడి "నేను మార్పుని ప్రేమిస్తున్నాను" అనుకుంటూ, లోపమంతా తనలోనే ఉందని కుమిలిపోయాడు. రావల్సిన నోటీసు జీతం కోసం లేబర్ ఆఫీసుకి పోదాం రమ్మని తోటివాళ్ళు పిలిస్తే, "అది నెగెటివ్ థింకింగ్ రా" అన్నాడు. వెళ్ళలేదు. ఆ డబ్బూ రాలేదు.

2023లో లేఆఫ్‌లు జోరందుకున్నప్పుడు అవే మాటలు ఈసారి వెబినార్లలో విన్నాను. అయ్యా హెచ్ఆర్ వారూ, ఎలకల కథలు మా పిల్లలకి మేమే చెప్పుకుంటాం. ఎన్ని నెలల జీతం ఇస్తారు, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉంటుంది, రిలీవింగ్ లెటర్ ఏ తారీకున చేతికొస్తుంది, ఈ మూడూ రాసివ్వండి. ఒక్క పేజీలో పట్టేస్తాయి.