గని మూసినను ఆగని నీరు

మేఘాలయమునందలి తూర్పు జయంతియా కొండలలో, సోనాపుర్ చెంత ప్రవహించు లూఖా నది, శీతకాలము వచ్చునప్పటికి గాఢమైన నీలవర్ణమును దాల్చుచుండును. ఎఱుగనివాడు దానిని నిర్మలోదకమని భ్రమించి మెచ్చుకొనును. ఆ యొడ్డున వల వేసి బ్రతికినవాడు మాత్రము ఆ నీలిమ కానవచ్చిన నాటినుండియు చేపలు కరవైనవని చెప్పును. ఎగువనున్న బొగ్గు గనులనుండి ఊరి వచ్చు ఆమ్లజలమే ఈ వికారమునకు కారణమని ఆ రాష్ట్రపు కాలుష్య నియంత్రణ మండలి యొకప్పుడు తేల్చినది.

గని యనగానే మనకు దుమ్మును, ప్రేలుడును, కూలిన పైకప్పును స్ఫురించును గాని నీరు స్ఫురింపదు. బొగ్గుపొరలలో యుగములతరబడి గాలి సోకకయుండిన పైరైటు, అనగా ఇనుమును గంధకమును కలిసిన ఖనిజము, త్రవ్వకముచే గాలియు నీరును తగిలినంతనే ఆక్సీకరణము చెంది గంధకికామ్లమును పుట్టించును; కొన్ని సూక్ష్మజీవు లా చర్యను మిక్కిలి వేగిరపరచును; ఆ యామ్లము చుట్టునున్న శిలలలోని ఇనుమును, అల్యూమినియమును, మాంగనీసును కరగించి తనతో వాగులోనికి కొనిపోవును; కొంత దూరము పోయిన పిమ్మట ఇనుము తుప్పుగా మారి, రాళ్లపై నారింజరంగు పూతయై పేరుకొనును. మన గోదావరీలోయ బొగ్గున బూడిద హెచ్చు, గంధకము స్వల్పము. కావుననే ఈ బాధ తెలుగు పాఠకులకు అంతగా పరిచితము కాదు. మేఘాలయపు బొగ్గున గంధకము మెండు.

ఈ నీటిపై న్యాయస్థానమున కెక్కినది గనులున్నచోటి వారు కారు, దిగువవారు. కొండలు దిగి అస్సాములోనికి పోవు కోపిలీ నదిపై, ఉమ్రాంగ్సో వద్ద, ప్రభుత్వరంగ సంస్థయైన నీప్కోకు 275 మెగావాట్ల జలవిద్యుత్కేంద్ర మున్నది. ఎగువ గనుల ఆమ్లము ఆ జలాశయమున కలిసి, టర్బైన్ల లోహమునే తినివేయజొచ్చెను. ఉక్కు కరగుచుండ మనుష్యుల పొలములును చేపలును నిలుచునా? దిగువనున్న దీమా హసావ్ జిల్లాలోని దిమాసా విద్యార్థి సంఘము జాతీయ హరిత న్యాయస్థానమున వ్యాజ్యము వేయగా, 2014 ఏప్రిల్ 17వ తేదీన మేఘాలయమున ఎలుకబొరియ గనుల, అనగా మనుష్యుడు ప్రాకి దూరు ఇరుకు సొరంగముల, త్రవ్వకమును ఆ న్యాయస్థానము నిషేధించినది. ఆ వ్యాజ్యమును వేసినవారు ఒక జిల్లాలోని విద్యార్థులన్న సంగతిని, ఈ చరిత్ర వ్రాయువారు మఱవకుందురుగాక.

శాసనము లేక ఈ యనర్థము జరిగినదా యన్నచో, కాదు. 1974 నాటి జలకాలుష్య నివారణ నియంత్రణ చట్టపు 24వ విభాగము, విషపదార్థములను తెలిసి తెలిసి ప్రవాహములలోనికి విడుచుటను స్పష్టముగా నిషేధించుచున్నది. 25వ విభాగమును బట్టి కాలుష్యజలమును వెలికి వదలు పరిశ్రమకు మండలి సమ్మతి ముందుగా కావలెను. అయినను, నేలయు దానిక్రింది బొగ్గును గిరిజనులవే గనుక తమ కొండలకు గనుల చట్టము వర్తింపదని ఒక వాదము చిరకాలము చెల్లినది. న్యాయస్థానము నియమించిన సమితి లెక్కకు వచ్చిన గనులు ఇంచుమించు 24,000. వానిలో అత్యధిక భాగము అనుమతి లేనివే. 2018 డిసెంబరు 13న క్సాన్ వద్ద ఒక గనిలోనికి వెల్లువ దూరి 15 మంది కూలీలు చిక్కుకొనినప్పుడుగాని, నిషేధము కాగితముపైననే యున్నదని లోకమునకు తెలియలేదు. మరుసటి నెలలోనే హరిత న్యాయస్థానము రాష్ట్రముపై 100 కోట్ల రూపాయల భారము విధించినది. 2019 జులైలో సర్వోన్నత న్యాయస్థానము, బొగ్గు ప్రజలదేయైనను 1957 నాటి గనుల చట్టము క్రింద లీజు లేనిదే త్రవ్వరాదని తీర్పు చెప్పి చిక్కు విడదీసినది.

చిక్కు విడినది గాని నీరాగలేదు. నిషేధము పారను ఆపగలదు. ఇదివరకే తెరచుకొన్న బొరియలోని గాలిని ఆపలేదు. వానకాలము వచ్చిన ప్రతిసారియు ఆ పాత బొరియలు మరల ఆమ్లమును క్రక్కుచునేయుండును. మన శాసనము మనసులో పెట్టుకొన్నది ప్రహరీగోడయు, గొట్టమును, మేనేజరును గల కర్మాగారమును. వదలిపోయిన గనికి ఈ మూడును లేవు. అమెరికావారు 1977 నాటి శాసనముచే బొగ్గుగని తెరచువాడు పనికి ముందే పునరుద్ధరణకు పూచీసొమ్ము కట్టవలెననియు, పూర్వము వదలిన గనుల నిమిత్తము త్రవ్విన ప్రతి టన్నుపై రుసుము చెల్లింపవలెననియు నిర్ణయించిరి. వారి వాగులన్నియు బాగుపడినవని కాదు. 2015లో కొలరాడోలో ఒక పాడుగనినుండి 30 లక్షల గాలన్ల నీరు బయటపడినది వారి పర్యావరణ శాఖ చేతులమీదుగానే. అయినను సొమ్ము ముందు, త్రవ్వకము తరువాత అను క్రమము సరియైనది. జయంతియా కొండలలో మఱియొక విడ్డూరము: ఆమ్లమునకు విరుగుడైన సున్నపురాయి ఆ కొండలలోనే పుష్కలముగా నున్నది, సిమెంటు కర్మాగారములకు నిత్యము తరలిపోవుచున్నది, వాగులకు మాత్రము తగినంత దక్కుట లేదు.

ఇట్టి స్థితిలో 2024లో పార్లమెంటు జలచట్టమును సవరించినది. 24వ విభాగమును ఉల్లంఘించినవానికి పూర్వము ఒకటిన్నర సంవత్సరము మొదలు ఆరు సంవత్సరముల వరకు కారాగారవాస ముండగా, ఇప్పుడు పదివేల రూపాయలు మొదలు పదునైదు లక్షల వరకు జరిమానాయే గతి. సమ్మతి లేక పరిశ్రమ నడపువానికి చెర తప్పలేదు గాని, నదిని చెఱచుట మాత్రము ధర గల వస్తువైనది. పాత చట్టము క్రింద శిక్షపడినవా రెందరని సవరణపక్షమువారు ప్రశ్నింతురు. ఆ యాక్షేపణ తోసివేయదగినది కాదు. కాని వ్యాజ్యములు మందగించుటకు మందు అధికారులను, ప్రయోగశాలలను పెంచుట, శిక్షను తగ్గించుట కాదు. కోట్ల బొగ్గు అమ్మువానికి పదునైదు లక్షలు లారీల బాడుగ ఖాతాలో కలిసిపోవు పద్దు.

ఈ సవరణ మొదట కొన్నిచోట్లనే అమలుకు వచ్చినది. తక్కిన రాష్ట్రములు శాసనసభలలో తీర్మానించుకొన్ననే వానికి వర్తించును. అట్టి తీర్మానముపై చేయి యెత్తుటకు ముందు ప్రతి సభ్యుడును మంత్రిని నిలిపి, గని మూతపడిన మరునాటినుండి దాని నీటికి జవాబుదారి యెవరో, అతడు ముందుగా జమకట్టవలసిన సొమ్మెంతయో అడుగవలెనని కోరుచున్నాను. సమాధానము రానిచో ఆ చేయి ఎత్తకుండుటయే మేలు.