పవన్‌ని మళ్ళీ తెచ్చుకోవాలా?

పోయిన ఆగస్టు 29 గుర్తుందా? పొద్దున మన క్లబ్బు వాళ్ళం సెమినార్ హాల్లో తెలుగు భాషా దినోత్సవం చేశాం. గిడుగు వారి ఫొటోకి వేసిన దండ వాడకముందే, సాయంత్రం అదే బ్యాచ్ మొత్తం హాస్టల్ టీవీ గదిలో తేలింది. విశాఖలో ప్రో కబడ్డీ 12వ సీజన్ మొదటి మ్యాచ్. ఒకవైపు మన తెలుగు టైటాన్స్, రెండోవైపు తమిళ్ తలైవాస్. తలైవాస్ కెప్టెన్ ఎవరంటే, అంతకుముందు రెండు సీజన్లూ మనకి ఆడిన పవన్ సెహ్రావత్.

సొంత గడ్డ మీద 38-35తో ఓడిపోయాం. మూడంటే మూడు పాయింట్లు. టీవీ ఆపేశాక మా గుడివాడ రూమ్మేట్ మొదలెట్టాడు. "మావా, మనోణ్ణి మనమే వదిలేసి మనమే ఏడుస్తున్నాం. ఈసారి వేలంలో ఎంతైనా పెట్టి వెనక్కి తెచ్చుకోవాలి." ఆ వాదన సెమిస్టర్ అంతా నడిచింది, సంక్రాంతి సెలవుల దాకా తెగలేదు. నా మాట మొదటినుంచీ ఒకటే. వద్దు. ఎందుకు వద్దో గదిలో ఎవడూ పూర్తిగా చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ముందే ఒకటి ఒప్పుకుంటా. పవన్ ఆట నచ్చక చెప్పే మాట కాదిది. 2019 జనవరిలో బెంగళూరు బుల్స్‌కి కప్పు తెచ్చిన ఫైనల్లో ఒక్కడే 22 రైడ్ పాయింట్లు తెచ్చాడు. అదే ఏడాది అక్టోబర్లో హర్యానా స్టీలర్స్ మీద ఒక్క మ్యాచ్‌లో 39. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ని ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టుకి కెప్టెన్. కూతకెళ్ళినవాడు వెనక్కి వచ్చేటప్పుడు కాలు పట్టబోయిన వాళ్ళ తలల మీంచి గాల్లోకి లేచి మధ్యగీత దాటడం నేను మొదట చూసింది ఇతని దగ్గరే. అది చూసి మా ఊళ్ళో ప్రయత్నించి మోచేయి విరగ్గొట్టుకున్నవాళ్ళు ఇద్దరున్నారు.

అయితే లెక్క చూడండి. 2023లో టైటాన్స్ అతన్ని 2.605 కోట్లకి కొన్నారు. ఆ సీజన్లో అతను తన పని తను చేశాడు, 200 రైడ్ పాయింట్లు దాటేశాడు. జట్టు 22 మ్యాచ్‌లు ఆడి గెలిచింది రెండు. చివరి స్థానం. అతను రాకముందు రెండు సీజన్లు కూడా మనది చివరి స్థానమే, ఒకదాంట్లో ఒక గెలుపు, ఒకదాంట్లో రెండు. అంటే రెండున్నర కోట్లు పెట్టి దేశంలోనే పెద్ద రైడర్ని తెచ్చుకున్నా పట్టికలో మనం కదిలింది లేదు.

ఇది అతని తప్పు కాదు. ఆట తీరే అంత. రైడర్‌కి ఉండేది 30 సెకన్లు. పట్టుబడితే బయట కూర్చోవాలి, మనవాళ్ళు అవతలివాణ్ణి ఒకణ్ణి ఔట్ చేస్తే గానీ లోపలికి రాడు. పాయింట్లన్నీ ఒక్కడి మీదే పెట్టుకున్న జట్టుని ఓడించడానికి అవతలి కోచ్ పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఆ ఒక్కణ్ణి బయట కూర్చోబెడితే చాలు. మిగతావాళ్ళు వెళ్ళి గీత తాకి ఉత్త చేతుల్తో వస్తారు. రెండు రైడ్లు అలా ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై. అప్పుడు వణుకుతూ వెళ్ళేవాడు అంతకుముందు నెలరోజులుగా ఒక్క కీలకమైన కూతకి కూడా వెళ్ళి ఉండడు. ఎలా తెస్తాడు పాయింటు?

ఇది నాకు టీవీ చూసి తెలిసింది కాదు.

మాది ఘంటసాల. బౌద్ధ స్తూపం ఉన్న ఊరని స్కూలు పుస్తకాల్లో చదివే ఉంటారు. కోతలైపోయి చేలల్లో మినుము పచ్చగా లేచే రోజుల్లో, పండక్కి చుట్టుపక్కల ఊళ్ళల్లో ఫ్లడ్ లైట్లు కట్టి కబడ్డీ పోటీలు పెడతారు. మా జట్టులో కుడివైపు కూతకెళ్ళేది మా బాబాయి కొడుకు. అప్పుడు వాడు ఇంటర్ రెండో ఏడు. సన్నగా ఉంటాడు, బోనస్ గీత మీద కాలు పెట్టి తీసేది కంటికి కనపడదు. నేను ఇంజినీరింగ్‌లో చేరిన కొత్తలో వచ్చిన పండక్కి, ఈసారి ఎలాగైనా మొదటి బహుమతి కొట్టాలని బయటినుంచి ఒక పేరున్న రైడర్ని తెచ్చాం. మా దగ్గర అరువు ప్లేయర్ అంటారు. రానుపోను ఖర్చులు, భోజనం, పైన చేతికి కొంత. చందాలు వసూలు చేసింది నేనే. తెద్దామని గట్టిగా వాదించిందీ నేనే. కుడివైపు అతనికిచ్చి తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టాం. "అన్నయ్యా, ఒక్క హాఫ్ అన్నా ఆడతా" అన్నాడు. "వచ్చే ఏడు చూద్దాంలేరా" అన్నాను.

రెండో బహుమతి వచ్చింది. ఊరేగింపు చేశాం, బాణాసంచా కూడా కాల్చాం. మరుసటి ఏడు ఆ రైడర్‌కి పక్క ఊరివాళ్ళు ఎక్కువిస్తామన్నారు, అటు వెళ్ళాడు. అతన్ని అనేదేముంది, అది అతని బతుకుతెరువు. మళ్ళీ తమ్ముడి దగ్గరికి వెళ్తే, వాడు ఆటే మానేసి రొయ్యల చెరువుల మీద మేత పనికి వెళ్తున్నాడు. పిలిస్తే వచ్చాడు గానీ కాలు లేవలేదు. మొదటి రౌండులోనే ఇంటికొచ్చేశాం.

అందుకే "మనోణ్ణి వెనక్కి తెచ్చుకుందాం" అని ఎవరన్నా అంటే, వచ్చేవాడి కంటే ముందు వాడికోసం లేచి పక్కకి జరగాల్సినవాడు కనిపిస్తాడు నాకు.

టైటాన్స్ విషయంలో ఆ పక్కకి జరగాల్సినవాళ్ళు ఎవరు? 11వ సీజన్ చూడండి. మధ్యలో పవన్‌కి గాయమైంది. అయిపోయిందిలే అనుకున్నాం. విజయ్ మాలిక్ పగ్గాలు పట్టాడు, ఆశిష్ నర్వాల్‌కి కూతలు దొరికాయి. రెండు గెలుపుల జట్టు 12 గెలిచింది. ప్లేఆఫ్ గుమ్మం దాకా వెళ్ళి ఏడో స్థానంలో ఆగింది. 12వ సీజన్లో విజయ్ కెప్టెన్, భరత్ ప్రధాన రైడర్. ఈసారి గుమ్మం దాటి క్వాలిఫయర్ 2 దాకా వెళ్ళారు. అక్కడ పుణేరి పల్టన్ చేతిలో 50-45తో ఓడిపోయారు. ఆ రాత్రి మా టీవీ గదిలో ఎవరూ లేచి లైటు వెయ్యలేదు. అయినా ఆ ఓటమి వేరు. పదకొండు, పన్నెండు స్థానాలకి అలవాటు పడ్డ మనం, ఫైనల్‌కి ఒక్క మెట్టు కింద ఓడిపోయి బాధపడ్డాం!

ఇక్కడ మా రూమ్మేట్ ఒక మంచి పాయింటే తీశాడు, దాచను. "భరత్ మీద ఆధారపడ్డం కూడా ఒక్కడి మీద ఆధారపడ్డమేగా? రేపు వాడికి దెబ్బ తగిలితే?" నిజమే. ఆ చివరి మ్యాచ్‌లో భారమంతా భరత్ మీదే పడింది. పైగా పవన్ ఇప్పుడు రెండున్నర కోట్ల మనిషి కాదు. 2025 వేలంలో తలైవాస్‌కి 59.5 లక్షలకే వెళ్ళాడు. అంత అనుభవం అంత తక్కువకి దొరుకుతుంటే వదులుకుంటారా అని వాడి వాదన.

నా జవాబు ఇది. భరత్‌కి తోడు కావాలి, సరే. కానీ పవన్‌ని తెచ్చి రెండో రైడర్‌గా, మూడో రైడర్‌గా ఎవరు ఆడిస్తారు? విశాఖ జనం ఊరుకుంటారా? రెండు మ్యాచ్‌లు ఓడగానే "పవన్‌ని పంపు" అని అరిచేది మనమే. మొదటి కూత మళ్ళీ అతనిదే అవుతుంది, భరత్ కూతలు తగ్గుతాయి, మూడోవాడు మళ్ళీ డూ ఆర్ డైకి మిగులుతాడు. ఆ 59.5 లక్షలతో ఇద్దరు కుర్ర రైడర్లు వస్తారు. వాళ్ళల్లో ఒక్కడన్నా తెలుగు గ్రామాల మట్టి కోర్టుల మీదనుంచి వస్తే మరీ సంతోషం. పేరులో తెలుగు పెట్టుకున్న జట్టుకి రైడర్లంతా హర్యానా నుంచే రావాలని ఎక్కడా రాసి లేదు.

ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న పక్క గదివాడు ఇంకోటి అడిగాడు. మాంచెస్టర్ యునైటెడ్ రాష్‌ఫర్డ్‌ని బార్సిలోనాకి లోన్ మీద ఇచ్చింది కదా, ఇక్కడా అలాగే ఇచ్చి తీసుకోవచ్చుగా అని. లోన్ అంటే మన కౌలు లాంటిది. పొలం పాస్‌బుక్కు ఇంకా ఆసామి దగ్గరే ఉంటుంది. గడువు తీరాక దున్నుకుంటాడా, కౌలుదారుకే అమ్మేస్తాడా అనేది తర్వాతి మాట. ప్రో కబడ్డీలో కౌలు లేదు, వేలంలోకి వదిలాక పాస్‌బుక్కు పోయినట్టే. పాత ఆటగాడికి ఎవరన్నా చివరి పాట పాడినప్పుడు అదే రేటుకి మళ్ళీ మేమే తీసుకుంటాం అనే ఎఫ్‌బీఎం కార్డు ఒకటుంది. 2024లో మనవాళ్ళు దాంతోనే పవన్‌ని 1.725 కోట్లకి వెనక్కి తెచ్చారు. అంటే "మళ్ళీ తెచ్చుకోవడం" ఒకసారి చేసి చూశాం కూడా.

సీజన్ మధ్యలో క్రమశిక్షణ కారణమని తలైవాస్ అతన్ని ఇంటికి పంపిన సంగతి కొందరు నాకు సాయంగా ఎత్తుకొచ్చారు. నాకా సాయం వద్దు. అతను ఆ మాట తప్పన్నాడు. గోడ అవతల జరిగినదాన్ని బట్టి నేను ఎవర్నీ తూచను. అతను ఎంత మంచివాడైనా నా జవాబు మారదు.

మా రూమ్మేట్‌తో బందరు లడ్డు పందెం కాశాను, ఒక కిలో. వచ్చే వేలంలో టైటాన్స్ పవన్‌ని తీసుకుంటే నేనివ్వాలి. నిజం చెప్పాలంటే, వేలంలో ఆ పేరు చదివి మన బెంచీ వైపు కెమెరా తిప్పినప్పుడు నా గుండె ఏ వైపు కొట్టుకుంటుందో నాకే నమ్మకం లేదు. ఈ పండక్కి ఊరెళ్ళినప్పుడు తమ్ముణ్ణి కూడా అడిగాను, ఏమంటావురా అని. చెరువు గట్టు మీద మేత బస్తా దింపుతూ, "పవన్ వస్తే బాగుంటదన్నయ్యా, ఆట చూడొచ్చు" అన్నాడు. వాడి ఓటు నాకు పడలేదు.