తెలివి గలవాళ్ల బల్ల

తెలివికి కులం లేదంటారు. మరి తెలివి గలవాళ్లు కులం కట్టినట్టు ఎందుకు కూడుతున్నారు? ఇది అడిగే హక్కు నాకుంది. నేను వరంగల్ జిల్లాలో సర్కారు బడి పంతుల్ని. మాదిగిండ్లల్లో పుట్టి, మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాణ్ణి. పిల్లల తెలివికి మార్కులేసే పని రోజూ ఈ చేతులే చేస్తున్నాయి.

మెన్సా అని ఒక సంఘం ఉంది. 1946లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో రోలండ్ బెరిల్, లాన్సెలాట్ వేర్ అనే ఇద్దరు పెట్టారు. తెలివి పరీక్షలో నూటికి తొంభై ఎనిమిది మందిని దాటినోళ్లకే అందులో చోటు. ప్రపంచమంతా కలిపి లక్షకు పైగా సభ్యులు. మెన్సా అంటే లాటిన్ భాషలో బల్ల. జాతి అడగం, మతం అడగం, ఆస్తి అడగం, ఈ బల్ల చుట్టూ అందరూ సమానమే అంటారు. ప్రాంతాల వారీగా శని, ఆదివారాలు హోటళ్లలో కలుస్తారు. పజిళ్లు, క్విజ్‌లు, బోర్డు ఆటలు, ఉపన్యాసాలు, రాత్రికి విందు.

తన మాట అర్థమయ్యేవాళ్ల మధ్య కాసేపు కూర్చోవాలని ఎవరికైనా ఉంటది. దాన్ని నేను వెక్కిరించను. అందరికంటే ముందే లెక్క చేసి కిటికీలోంచి చూస్తూ కూర్చునే పిల్లలు నా తరగతిలోనూ ఉన్నారు. కానీ బల్ల చుట్టూ సమానత్వం అగ్రహారంలో కూడా ఉండేది. అగ్రహారం లోపల పంక్తిలో అందరికీ ఒకటే విస్తరి. బయట నిలబెట్టినోళ్ల సంగతి అడగాలె.

ఒక సారు కొడుకు ఈ పరీక్ష పాసయ్యిండని స్టాఫ్‌రూంలో లడ్డూలు పంచారు. పిల్లగాడు గెలిచిండు, సంతోషమే, తిన్నం. లడ్డు ఇంకా నోట్లో ఉండగానే ఆయనన్నడు: "రిజర్వేషన్‌తోటి వచ్చేది కాదు సార్ ఇది. రక్తంల ఉండాలె." లడ్డు మింగిన. ఆ మాట మింగలే.

సరే, రక్తం సంగతే మాట్లాడుదాం.

1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే మొదటి తెలివి పరీక్ష తయారుచేసింది చదువులో వెనకబడ్డ పిల్లల్ని గుర్తుపట్టి సాయం చేయడానికి. తెలివి పుట్టుకతో బిగుసుకుపోయిన కొలత అనే వాదాన్ని ఆయన ఒప్పుకోలేదు. అది అమెరికా చేరేసరికి సాయం చేసే సాధనం వెలివేసే సాధనమైంది. 1927లో క్యారీ బక్ అనే పేద పిల్లకు మందబుద్ధి అని ముద్రేసి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయొచ్చని ఆ దేశపు సుప్రీంకోర్టే తీర్పిచ్చింది. తెలివి రక్తంలోనే ఉందని కవలల లెక్కలు చూపించిన సిరిల్ బర్ట్ మెన్సాకు గౌరవాధ్యక్షుడు. 1971లో ఆయన చనిపోయినంక, ఆ లెక్కలు నమ్మదగినవి కావని 1974లో లియాన్ కామిన్ చూపించాడు.

బొమ్మలు, గీతలతో పెట్టే పరీక్షకు భాషా చదువూ అడ్డురావంటారు. నెదర్లాండ్స్‌లో సైన్యంలోకి పిలిచిన కుర్రాళ్లకు పెట్టిన అలాంటి బొమ్మల పరీక్షలో 1952 నుంచి 1982 దాకా స్కోరు సుమారు 20 పాయింట్లు పెరిగిందని జేమ్స్ ఫ్లిన్ 1987లో చూపించాడు. ముప్పై ఏళ్లలో రక్తం మారుతదా సారూ? మారింది బడి, తిండి, బతుకు.

ఇంకో ముచ్చట. ఈ సంఘాన్ని తెలివి గలవాళ్ల దొరతనంగా ఊహించుకున్న బెరిల్, సభ్యుల్లో ఎక్కువమంది సాదాసీదా ఇండ్ల నుంచి వచ్చినవాళ్లని తెలిసి నిరాశపడ్డాడట. తన పరీక్షే తన నమ్మకాన్ని కాదన్నా ఆయన మనసు పేదోళ్ల తెలివిని ఒప్పుకోలేదు.

మన దేశంలో ఈ రక్తం మాటకు పరీక్ష కూడా అక్కర్లేదు. 1990లో మండల్‌కు వ్యతిరేకంగా కాలేజీ పిల్లలు రోడ్లూడ్చి, బూట్లు పాలిష్ చేసి మెరిట్ చచ్చిపోయిందన్నారు. మా తాత బతుకంతా చేసిన పని వాళ్లకు ఒక్కపూట నిరసన! ఆ తాత లందలో తోలు నానేస్తే సున్నంలో ఎన్ని దినాలుంచాలె, తంగేడు చెక్కలో ఎన్ని దినాలుంచాలె, ఎండకాలమైతే ఎంత, వానకాలమైతే ఎంత అని చేత్తో ఒత్తి, వాసన చూసి చెప్పేటోడు. చెరువుల పేరంతా కాకతీయ రాజులకు పోయింది. తూము దగ్గర నిలబడి ఏ మడికి ఎంత నీరో తప్పకుండా పారించింది మా వాడ నీరటికాడు. మా అవ్వ వేలిముద్ర వేస్తది. నాటు గుత్తకు పట్టిన పైసలు పన్నెండు మందికి, వచ్చిన దినం రాని దినం చూసి, పైస తేడా లేకుండా పంచుతది. ఇది ఏ ప్రశ్నపత్రంలో ఉంది? ఇదే వరంగల్ జిల్లాలో పుట్టిన కంచ ఐలయ్య ఉత్పత్తి కులాల జ్ఞానం గురించి 1996లో పుస్తకం రాస్తే జవాబు చెప్పలేక తిట్టినోళ్లే ఎక్కువ. పోటీ పరీక్షలో వచ్చిన మార్కులొక్కటే మెరిట్ కాదని 2022లో మన సుప్రీంకోర్టు కూడా చెప్పింది. స్టాఫ్‌రూం దాకా ఆ తీర్పు ఇంకా రాలేదు.

మన దేశంలోని మెన్సా పేద పిల్లల్లో, ఆదివాసీ పిల్లల్లో తెలివి గలవాళ్లను వెతికి చదివించే పని కూడా చేసింది. ఒక్క పిల్ల గట్టెక్కినా మంచిదే, కాదనను. కానీ ఏరుకోవడం వేరు, చదువు చెప్పడం వేరు. నూటికి ఇద్దర్ని ఏరుకుంటే మిగిలిన తొంభై ఎనిమిది మంది ఎవరి పిల్లలు? 2014లో మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆ గిరిజన పిల్లకు గురుకులంలో సీటు, కడుపునిండ తిండి, శిక్షణ దొరికినయ్. అవి దొరకనోళ్లు ఎందరో ఎవరు లెక్కపెట్టిన్రు?

మన దేశంలో మెన్సా మొదట వేళ్లూనింది పుణెలో. అదే పుణెలో 1848లో జోతిబా, సావిత్రీబాయి ఆడపిల్లలకు బడి తెరిచారు. ఎవరికి తెలివుందని వాళ్లు అడగలేదు. ఎవరికి చదువు అందనియ్యలేదో చూసి వాళ్లనే పిలిచారు. మా కూడికలకు మూలం అక్కడుంది. ఏప్రిల్ 14న మా వాడలో మైకు ముందు ఎవరైనా నిలబడొచ్చు. హన్మకొండ ఎస్సీ హాస్టల్లో నాకు ఇంగ్లీషు గ్రామర్ చెప్పింది పై తరగతి అన్నలు. నేను కింది తరగతి తమ్ముళ్లకు లెక్కలు చెప్పిన. తెలిసినోడు తెలవనోడి పక్కన కూర్చోవడమే మా గ్యాదరింగ్.

విద్యార్థి మిత్రులారా, ఆ బల్ల దగ్గర మాకో కుర్చీ వేయమని మనం అడగొద్దు. ఆడుకునేటోళ్లను ఆడుకోనిద్దాం. కానీ తెలివి రక్తంలో ఉందని ఎవడన్నా అంటే మాత్రం ఊకోవద్దు. ప్రశ్నపత్రం ఎవరు రాసిన్రు, తయారయ్యే తీరిక ఎవరికి దొరికింది, ఆ తీరికకు కూలి ఎవరు చేసిన్రు అని ఎదురు అడగాలె. అడిగినంక వాడకు పోయి, బడి మానేసిన పిల్లను పేరు పెట్టి పిలిచి మళ్లా పలక ఇయ్యాలె.