నోటిమాట కాదు, అర్జీ కావాలి

అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు రాగానే మనం టీసీ తీసుకుని వెళ్ళిపోతాం. మనం మొదలుపెట్టిన క్లబ్బు కూడా అంతటితో ఆగిపోతుంది. దానికి డబ్బు కావాలని మనం నోటిమాటగా అడుగుతామే గాని, కాగితం మీద అడగం.

కేంద్రీయ విద్యాలయాల్లో మనలో చాలామందిమి విద్యాలయ వికాస నిధికి నెలకు 500 రూపాయలు కడతాం. ఆ నిధి ఖర్చును విద్యాలయ నిర్వహణ సంఘం చూస్తుంది. అందులో తల్లిదండ్రుల ప్రతినిధులు ఉంటారు, పిల్లలు ఉండరు. అందుకే మన మాట అక్కడికి చేరాలంటే అర్జీ రాయాలి.

జనక్‌పురిలో చదివే తెలుగు పిల్లలం నెలకో గోడపత్రిక పెట్టాలనుకున్నాం అనుకోండి. ఎన్ని చార్టులు, ఎన్ని స్కెచ్ పెన్నులు, దుకాణంలో ధర ఎంత, సామాను ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి ఒక పేజీలో రాయాలి. క్లబ్బు చూసే టీచరుగారి సంతకంతో ప్రిన్సిపాల్‌గారికి ఇవ్వాలి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కనుక జనవరిలోనే ఇస్తే మంచిది.

“అడిగితే మాత్రం ఇస్తారా?” అని కొందరంటారు. ఇవ్వకపోవచ్చు. అప్పుడు కారణం మర్యాదగా అడుగుదాం. అడగందే అమ్మయినా పెట్టదు కదా! ఇస్తే మాత్రం ప్రతి రూపాయికీ బిల్లు అంటించి లెక్క చూపాలి.

వచ్చే ఏడు మనం ఏ ఊళ్ళో ఉంటామో తెలియదు. అర్జీ నకలు, లెక్కల పుస్తకం ఇక్కడే ఉంటే, కొత్తగా వచ్చే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు పనిని అక్కడి నుంచే కొనసాగిస్తారు.