నేల యెవరి కొఱకు?

క్రొత్త యిల్లు కట్టించువారు వంటింటికిని, స్నానాల గదికిని రాతిని మెరుపు చూచి యెన్నుచున్నారు. మెరుపు అతిథి కన్నులకు. నేల ఇంటివారి పాదములకు.

పాలరాయిలోని సున్నపు పదార్థము చింతపండు, నిమ్మకాయల ఆమ్లము సోకినచోట కరగి మచ్చ దేరును. కడప బండయు సున్నపురాతి జాతిదే. గ్రానైటు ఈ పులుపునకు అంతగా లొంగదు. నిత్యము పులుసు కాచు మనకు పొయ్యిగట్టుపై పాలరాయి యేల?

స్నానాల గదిలో అద్దమువంటి పలక తడిసెనా, వృద్ధులకు గండమే. అచట గరుకు పలకలును, నీరు తూమువైపు పారు వాలును ముఖ్యములు.

దుకాణములో నమూనాపై నిమ్మరసము వేసి, కొంతసేపాగి చూడుడు; పలకను తడిపి, వట్టికాలితో త్రొక్కి చూడుడు.

చాల యిండ్లలో రాతిని ఎన్నువాడు తండ్రి. దానిని తోమునది తల్లి. దానిపై జారిపడునది అవ్వ. ఆ ఇద్దరి నడిగిన పిమ్మటనే ధర యడుగుట న్యాయము.