చామనచాయ చేతికి ఏ రంగు?

చామనచాయ చేతులకు ముదురు రంగులు నప్పవని పెళ్ళిచూపుల ముందురోజు మా పిన్ని తీర్పు చెప్పింది. ఆ మాట నమ్మి పదేళ్ళపాటు లేత గులాబీ రంగే పూసుకున్నాను. సున్నం అద్దినట్లుండేవి గోళ్ళు! తెలుపు కలిసిన లేత రంగులు ఈ మేనిచాయపై పాలిపోయి కనిపిస్తాయి. వంగపండు, కుంకుమ, ఇటుక రంగులు అదే చేతికి వెలుగునిస్తాయి. ఆషాఢంలో గోరింటాకు రుబ్బే ప్రతి ఇంటికీ ఇది తెలిసిన సంగతే కదా! ఆ ఆకులోని వర్ణకం గోటిలోని కెరాటిన్‌తో కలిసిపోతుంది గనుక కడిగితే పోదు. నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు గోరు పెరిగే కొద్దీ కొసకు జరిగి, చివరికి ఎర్రని నెలవంకై మిగులుతుంది. ఆ ఎరుపు నప్పని నల్లని చేతిని నేనింతవరకు చూడలేదు.

ఇక ఆకారం. పొట్టి వేళ్ళవారు గోటిని కోలగా అరగదీస్తే వేలు సాగినట్లుంటుంది. పలకగా కత్తిరిస్తే మరింత వెడల్పుగా కనిపిస్తుంది. అంట్లు తోమే చేతులకు మాత్రం పొట్టి గోళ్ళే మేలు (నావి అవే).

మొన్న మా అమ్మాయి లేత గులాబీ సీసా కొనితెచ్చుకుంది. తన చేతులు నలుపట, అదే నప్పుతుందట. నేనేమీ అనలేదు. దాని పక్కన నా కుంకుమరంగు సీసా పెట్టి వచ్చాను.